స్టార్టర్ పెట్టె స్క్రూ రెండు చుట్లకే బిగుసుకుపోతోందా?

అనంతపురంలో కొన్న కొత్త స్క్రూ బిగుసుకుపోతోంది, తుప్పేమో అని ఒక అన్న రాశారు. తుప్పు కాదన్నా, మరలు (స్క్రూ మీద, రంధ్రం లోపల ఉండే చుట్టు గాళ్లు) కలవడం లేదు. బోరు స్టార్టర్ పెట్టె రంధ్రం ఎం5 (5 మి.మీ. లావు స్క్రూ పట్టే మెట్రిక్ రకం) అని రాశారు కదా, అనంతపురం షాపులో ఇచ్చింది 3/16 అంగుళం స్క్రూ అయ్యుంటుంది. లావు 4.76 మి.మీ., చూపుకు తేడా తెలీదు.

1. మెయిన్ ఆఫ్ చేయండి.
2. పాత స్క్రూనూ కొత్తదాన్నీ మరకు మర ఆనించి వెలుతురులో పట్టుకోండి. సందు కనిపించకూడదు. అందరూ వదిలేసేది ఇదే, లావు, పొడుగు చూసి కొనేస్తారు (నేనూ అంతే!). పాతది లేకుంటే స్కేలు పెట్టండి: ఎం5కు 10 మరలు 8 మి.మీ. పదిన్నర వస్తే అంగుళాల రకం, మార్చుకోండి.
3. సరైనది దొరికాక ముందు ఎడమకు తిప్పండి. టిక్కుమని దిగాక కుడికి. మూడు నాలుగు చుట్లు చేత్తోనే ఎక్కాలి, తర్వాతే స్క్రూడ్రైవర్.