ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌ నుంచి డేటా అడిగే భాష) లెఫ్ట్ జాయిన్ వాడినా కస్టమర్లు తగ్గిపోతున్నారా?
ఇంటర్వ్యూ ప్రశ్న ఇది: ప్రతి కస్టమర్‌కీ జనవరిలో ఎన్ని ఆర్డర్లున్నాయో చూపించండి. మీరు కస్టమర్ల టేబుల్‌కి ఆర్డర్ల టేబుల్‌ని లెఫ్ట్ జాయిన్‌తో కలిపారు, అంటే ఆర్డర్ ఉన్నా లేకున్నా కస్టమర్లందరూ రావాలి. ఆ లెఫ్ట్ జాయిన్‌లో తప్పు లేదు. కింద పెట్టిన వేర్ కండిషనే (వరుసల్ని వడగట్టే షరతు) కొంప ముంచింది. జనవరిలో ఆర్డర్ పెట్టని కస్టమర్లను కూడా సున్నాతో చూపించమన్నారు కదా. అసలు ఆర్డరే లేని కస్టమర్‌కి తేదీ నల్‌గా, అంటే విలువ లేకుండా, వస్తుంది. వేర్‌లో దాన్ని జనవరితో పోల్చగానే ఆ వరుస రాలిపోతుంది. ఇక అది ఇన్నర్ జాయిన్‌తో (రెండు టేబుళ్లలోనూ జత ఉన్న వరుసల్నే ఇచ్చేది) సమానం.

1. తేదీ కండిషన్‌ను వేర్‌లోంచి తీసి ఆన్‌లో (టేబుళ్లను ఏ షరతు మీద కలపాలో చెప్పే చోట) పెట్టండి.

2. లెక్కపెట్టే కౌంట్‌లో స్టార్ (*) వద్దు, ఆర్డర్ ఐడీ ఇవ్వండి. మొదటిది సరిచేసినవాళ్లు కూడా ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. స్టార్ వరుసల్ని లెక్కపెడుతుంది, అందుకని ఆర్డర్ లేనివాళ్లకీ 1 వస్తుంది. కాలమ్ పేరిస్తే నల్‌ని వదిలేసి 0 ఇస్తుంది.

3. గ్రూప్ బై (వరుసల్ని గుంపులుగా చేర్చడం) కస్టమర్ ఐడీ మీద చేయండి, పేరు మీద కాదు. మన దగ్గర శ్రీనివాస్‌లు ఎంతమందో!

ఇంటర్వ్యూలో క్వెరీ రాసేముందు కాగితం మీద ముగ్గురు కస్టమర్లను వేసుకోండి: ఒకరికి జనవరిలో రెండు ఆర్డర్లు, ఒకరికి డిసెంబర్‌లో ఒకటి, ఒకరికి ఏమీ లేవు. జవాబు 2, 0, 0 రావాలి. ఇది పైకి చెబుతూ చేయండి. నేను మౌనంగా ఆలోచిస్తూ కూర్చుని ఒక రౌండ్ పోగొట్టుకున్నాను.