‘లక్కీలీ’ అని రాసే ముందు: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన ఇంగ్లీషు వ్యాసం రెండుసార్లు చదివాను. సికింద్రాబాదులో రైలెక్కి విజయవాడలో దిగేలోగా చూసినవీ విన్నవీ శ్రద్ధగా రాశావు. ఎదుటి సీటు ముసలాయన చేతిసంచిలోంచి తీసిన జొన్నరొట్టెల వాసన నాకూ తగిలింది. అయితే రెండు పేజీల వ్యాసంలో ‘లక్కీలీ’ అనే మాట ఏడుచోట్ల వచ్చింది, వాటిలో ఐదు నీ వాక్యాలకు అక్కరలేదు. ఒక్క మాట కోసం ఇంత పొడుగు ఉత్తరమా అనుకోకమ్మా. తెలుగులో ఆలోచించి ఇంగ్లీషులో రాసేవాళ్లలో చాలామందిమి ఈ మాట దగ్గర తడబడతాం, ఎందుకంటే మన భాష ఇదే పనిని మరో దారిలో చేస్తుంది.

ఇంట్లో మాట్లాడుకునేటప్పుడు మనం ‘అదృష్టం బాగుండి బస్సు దొరికింది’ అంటాం, ‘దేవుడి దయవల్ల గండం గడిచింది’ అంటాం, ఒక్కోసారి ‘ఇంకా నయం’ అని ఊరుకుంటాం. రాతలో ‘అదృష్టవశాత్తు’ వస్తుంది. అదృష్టం అంటే కంటికి కనబడనిది. వశాత్తు అంటే దాని వశంలో ఉండడం వల్ల. అంటే ఈ మాటలన్నీ జరిగినదానికి ఒక కారణం చెబుతున్నాయి: కనబడని శక్తి ఏదో పని చేసింది కనుక బస్సు దొరికింది. ఇంగ్లీషు ‘ఫార్చునేట్లీ’ వెనకా ఒక దేవత ఉంది. రోమన్లు ఫోర్టునా పేరుతో కొలిచిన ఆ దేవతను చక్రంతో చిత్రించేవారు. కానీ ఈనాడు ఆ మాట అనేవాళ్ల మనసులో దేవతా లేదు, చక్రమూ లేదు. ‘ఇది జరిగింది, జరగడం మంచిదని నేను లెక్కిస్తున్నాను’ అన్నంతవరకే దాని అర్థం. అది కారణం చెప్పదు, రాసేవాడి తీర్పు చెబుతుంది. ఈ తేడా పట్టుబడితే మిగిలిన నియమాలు చాలావరకు వాటంతట అవే తెలుస్తాయి.

తీర్పు గనుక, అది ఎవరి పక్షాన నిలబడి ఇచ్చినదో పాఠకుడికి తెలియాలి. ‘ఫార్చునేట్లీ, ద ట్రెయిన్ వాజ్ లేట్’ అని ఆలస్యంగా స్టేషనుకు చేరినవాడు రాస్తే సరే. తెల్లవారుజాము నుంచీ ప్లాట్‌ఫాం మీద చంటిబిడ్డతో కూర్చున్న తల్లి అదే రైలు గురించి ‘అన్‌ఫార్చునేట్లీ’ అంటుంది. నీ వ్యాసంలో వరంగల్లు దగ్గర ‘లక్కీలీ, ఇట్ రెయిన్డ్’ అని ఉంది. పత్తి మొలక ఎండుతున్న రైతుకు ఆ వాన వరం, అదే పత్తికాయ పగిలి దూది విచ్చుకున్నాక పడితే పంట నల్లబడి ధర పోతుంది. కిటికీ పక్కన చల్లగాలి కోసం కూర్చున్న నీకు తప్ప అది ఇంకెవరికి అదృష్టమో ఆ పేరా చెప్పలేదు. సందేహం కలిగే చోట ‘ఫార్చునేట్లీ ఫర్ మీ’, ‘లక్కీలీ ఫర్ ద ఫార్మర్స్’ అని ఎవరికన్నది కలిపి రాయి. అలా కలపడానికి మనసొప్పకపోతే, ఆ మాటకు అక్కడ చోటు లేదన్నమాట.

మన ‘అదృష్టం కొద్దీ’ కారణం చెబుతుంది కాబట్టి దానితో ప్రశ్న కూడా అడగగలం: ‘అదృష్టం కొద్దీ టికెట్ ఏమైనా దొరికిందా?’ ఇంగ్లీషులో ‘డిడ్ యు లక్కీలీ గెట్ ఎ టికెట్?’ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది, ఎందుకంటే జరిగిందో లేదో తెలియని దానిమీద తీర్పు ఇవ్వలేం. ‘లక్కీలీ, ఐ విల్ గెట్ ద జాబ్’ అని నువ్వు రాసిన వాక్యంలోని పొరపాటూ ఇదే. రాబోయేదాని మీద ఆశ పెట్టుకున్నప్పుడు ‘విత్ ఎనీ లక్’ అనాలి, లేదా ‘హోప్‌ఫుల్లీ’ అనాలి. (ఈ రెండో మాటను ఇలా వాక్యం ముందు పెట్టడం తప్పని ఇంగ్లీషు సంపాదకులు దశాబ్దాలపాటు వాదించారు, అమెరికాలోని అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ శైలీ పుస్తకం 2012లో గాని దాన్ని ఒప్పుకోలేదు. అదే పని చేస్తున్న ‘ఫార్చునేట్లీ’ జోలికి ఎవరూ రాకపోవడం నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది.) రేపటి విషయమైనా ముందే ఖాయమైపోయి ఉంటే, ‘లక్కీలీ, టుమారో ఈజ్ ఎ హాలిడే’ అనడంలో తప్పు లేదు.

ఈ మాటను ఎక్కడ కూర్చోబెడతామన్నదీ ముఖ్యమే, దానికి ‘హ్యాపీలీ’ని మించిన ఉదాహరణ లేదు. ‘హ్యాప్’ అనేది యాదృచ్ఛికతకు ఇంగ్లీషులో పాత మాట. ‘హ్యాపెన్’, ‘పర్‌హ్యాప్స్’, ‘మిస్‌హ్యాప్’ అన్నీ దాని పిల్లలే, ‘హ్యాపీ’కి మొదటి అర్థం సంతోషం కాదు, అదృష్టం కలిసిరావడం. ఆ పాత అర్థం వాక్యం మొదట్లో ఇంకా బతికే ఉంది. ‘హ్యాపీలీ, హీ డిడ్ నాట్ డై’ అంటే దేవుడి దయవల్ల అతను బతికాడు. అదే మాటను చివరికి జరిపి ‘హీ డిడ్ నాట్ డై హ్యాపీలీ’ అంటే అతను చనిపోయాడు, అదీ మనశ్శాంతి లేకుండా. ఒక్క మాట స్థానం మారితే మనిషి ప్రాణమే పోయింది. అందుకే మొత్తం వాక్యం మీద తీర్పు చెప్పేటప్పుడు దాన్ని మొదట పెట్టి, వెంటనే కామా పెట్టడం క్షేమం.

‘లక్కీలీ’కీ ‘ఫార్చునేట్లీ’కీ అర్థం దాదాపు ఒకటే, మర్యాద వేరు. ‘లక్’ 15వ శతాబ్దంలో డచ్చి, ఉత్తర జర్మనీ భాషల నుంచి, బహుశా జూదగాళ్ల మాటగా, ఇంగ్లీషులోకి వచ్చింది. పోయిన తాళంచెవి దొరికితే ‘లక్కీలీ’ అను, ఆసుపత్రి గురించో కోర్టు గురించో రాసే ఉత్తరంలో ‘ఫార్చునేట్లీ’ అను. ‘ఫార్చుయిటస్లీ’ మరింత గంభీరంగా వినిపిస్తుందని వాడకు, దాని అసలు అర్థం అనుకోకుండా అని మాత్రమే. మనవాళ్లు ‘లక్కీగా దొరికింది’ అంటారు కదా, ఆ అలవాటుతోనే కాబోలు రెండుచోట్ల ‘ఐ లక్కీ గాట్’ అని రాశావు, దిద్దుకో.

ఇక నేను ఈ ఉత్తరం మొదలుపెట్టిన అసలు కారణానికి వస్తాను. చాలా ఏళ్ల కిందట మా అమ్మకు ఆపరేషన్ జరిగిన రాత్రి రక్తపోటు బాగా పడిపోయింది, ఒక నర్సమ్మ గమనించి డాక్టరును పిలిపించింది. ఆ తర్వాత నేను ఆసుపత్రికి ఇంగ్లీషులో కృతజ్ఞతల ఉత్తరం రాస్తూ ‘ఫార్చునేట్లీ, ద నర్స్ నోటీస్డ్’ అన్నాను. పోస్టు చేసేముందు చూపిస్తే, పత్రికల్లో పనిచేసిన ఒక పెద్దాయన ఆ మాట కింద గీత గీసి, ‘ఆమె ఎలా గమనించింది?’ అని అడిగారు. అరగంటకోసారి వచ్చి చూస్తూనే ఉందని చెప్పాను. ‘మరి అందులో అదృష్టం ఎక్కడుంది?’ అన్నారు. నేను కృతజ్ఞత చెబుతున్నాననుకుంటూ, ఆ మనిషి రాత్రంతా మేలుకుని చేసిన పనిని తీసుకెళ్లి గాలివాటానికి అప్పగించాను. ఆ గీత నేను ఇంతవరకు మరిచిపోలేదు. బస్సు ప్రమాదాల వార్తల్లో ‘అదృష్టవశాత్తు ప్రాణనష్టం తప్పింది’ అని చదివినప్పుడల్లా, బ్రేకు మీద నిలబడినంత పనిచేసి బండిని కల్వర్టు అంచున ఆపిన డ్రైవరు ఆ వాక్యంలో ఎందుకు లేడని వెతుక్కుంటాను.

ఇప్పుడు నీ వ్యాసంలో ఖమ్మం ఘట్టం చూడు. ముసలాయన నీళ్లసీసా నింపుకోవడానికి దిగాడు, రైలు కదిలింది, ఆయన పరుగెత్తలేకపోయాడు. అక్కడ నువ్వు ‘లక్కీలీ, ద ట్రెయిన్ స్టాప్డ్’ అన్నావు. రైలు ఆగుతుందా ఆగదా అని మేం కంగారుపడే వ్యవధి కూడా ఇవ్వకుండా ఆ మొదటి మాటే ఫలితం చెప్పేసింది. రెండు వాక్యాల తర్వాతగాని ఎవరో ఆడమనిషి చైను లాగిందని తెలియలేదు. వెయిటింగ్ లిస్టులో ఉన్న నీ టికెట్ చివరి గంటలో ఖరారైన చోట ‘లక్కీలీ’ ఉండనివ్వు. ముక్కూమొహం తెలియని వాళ్లెవరో ప్రయాణం మానుకోవడం నిజంగా నీ అదృష్టమే. ఖమ్మంలో మాత్రం దాన్ని తీసేసి, ఆమె ఏ సీటులోంచి లేచిందో, జరిమానా పడుతుందని పక్కవాళ్లు అన్నారా, అంటే ఆమె ఏమందో, ముసలాయన ఎక్కాక ఆమెకేసి చూశాడో లేదో గుర్తుచేసుకుని, ఆ పేరా మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో.