క్రౌన్-పినియన్ మార్చాక హోరు: బాధ్యత మెకానిక్‌దా, సామాను అమ్మినవారిదా?

ప్రశ్న: మాది కావలి. మా నాన్నగారి కాలం నాటి 1972 అంబాసిడర్ మార్క్-2 ఉంది. వెనక ఇరుసు మోత పెడుతుంటే ఒంగోలులో ఒక షెడ్డుకు ఇచ్చాను. క్రౌన్-పినియన్ సెట్టు (ఇరుసులోని పెద్ద, చిన్న పళ్ల చక్రాల జత), బేరింగులు చెన్నైలో ఒక దుకాణంలో నేనే కొన్నాను. ‘కొత్తవే, మీ బండికి సరిపోతాయి’ అన్నారు. ఖర్చు రూ.24,000. మెకానిక్ కూలి రూ.11,000 ఇచ్చేశాను. 300 కిలోమీటర్లు తిరగకముందే హోరు మొదలైంది. యాక్సిలరేటర్ వదిలితే ఇంకా ఎక్కువ. సామాను నాసిరకమని మెకానిక్, బిగింపు తప్పని దుకాణం అంటున్నారు. ‘అమ్మిన సరుకు వాపసు లేదు’ అని బిల్లు మీదే అచ్చువేశారు. బండి షెడ్డులో ఉంది. ఇంకో రూ.5,000 ఇస్తేనే విప్పుతానని, ఇవ్వకపోతే బండి వదలనని మెకానిక్ అంటున్నాడు. పోలీసు కేసు పెట్టాలా, వినియోగదారుల కోర్టుకు వెళ్లాలా?
— ఒక పాఠకుడు, కావలి

జవాబు: అన్నిటికన్నా ముందు, ఆ డిఫరెన్షియల్‌ను (వెనక ఇరుసు మధ్యలో క్రౌన్-పినియన్ ఉండే భాగం) ఎవరూ విప్పకుండా ఆపండి. డబ్బు ఎవరు తిరిగి ఇవ్వాలో తేల్చే సాక్ష్యమంతా ఆ హౌసింగ్ లోపలే ఉంది. ఏ మందం షిమ్ములు (సర్దుబాటుకు వేసే పలుచని లోహపు రేకులు) వేశారు, పళ్ల మధ్య ఆట ఎంత, రాపిడి పంటి మీద ఎక్కడ పడింది అన్నవే మీ కేసు. ఒక్కసారి నట్లు వదులు చేసి షిమ్ములు మార్చారంటే ఆ సాక్ష్యం పోయినట్టే. కొత్త కొలతలతో బిగించాక పాత తప్పు ఎవరిదో ఏ నిపుణుడూ చెప్పలేడు.

కాబట్టి మెకానిక్‌కూ దుకాణానికీ ఈరోజే స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, వాట్సాప్‌లో కూడా పెట్టండి. ఇరుసును విప్పవద్దని, ఫలానా తేదీన ఇద్దరి సమక్షంలో మరో మెకానిక్‌తో పరీక్ష చేయిస్తామని, రాకపోయినా పరీక్ష జరుగుతుందని అందులో రాయండి. వారం గడువు చాలు. మెకానిక్ ఒప్పుకోకపోతే బలవంతం చేయకండి. వినియోగదారుల కమిషన్ (మీరన్న వినియోగదారుల కోర్టు) ద్వారా చేయించే దారి ఉంది, కింద చెబుతాను.

పరీక్షలో వరుస తప్పకూడదు. ముందుగా బండిని నడిపి చూడాలి. 40, 60 వేగాల్లో యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, వదిలినప్పుడు, న్యూట్రల్‌లో దొర్లేటప్పుడు వచ్చే శబ్దాన్ని ఫోన్‌లో రికార్డు చేయాలి. తొక్కడానికీ వదలడానికీ హోరు మారితే పళ్ల కలయిక మీద అనుమానం. అన్ని స్థితుల్లోనూ ఒకేలా ఉంటే బేరింగులు చూడాలి. ఇది అనుమానం మాత్రమే, కేసులో నిలబడేది కొలత. తర్వాత ఇరుసు నూనెను శుభ్రమైన సీసాలోకి దించి, మూతకు సీలు వేసి, హాజరైనవారి సంతకాలు తీసుకోండి. క్రౌన్-పినియన్ హైపాయిడ్ రకం. పళ్లు జారుతూ కలుస్తాయి కనుక ఈపీ-90 తరహా హైపాయిడ్ నూనె కాకుండా మామూలు నూనె పోస్తే పళ్ల ముఖం గీసుకుపోతుంది. ‘మీరే తప్పుడు నూనె పోశారు’ అని రేపు వాదిస్తే ఆ సీసాయే మీకు జవాబు.

మీ బండిలో యాక్సిల్ షాఫ్టులు లాగి, ప్రొపెల్లర్ షాఫ్టు విప్పితే డిఫరెన్షియల్ గుండు మొత్తంగా ముందుకు వస్తుంది. అక్కడితో ఆగాలి. బేరింగ్ క్యాపులు తాకకముందే డయల్ గేజ్ (సూక్ష్మమైన కదలికను చూపే కొలత పరికరం) పెట్టి క్రౌన్ చుట్టూ నాలుగు చోట్ల బ్యాక్‌లాష్, అంటే పళ్ల మధ్య ఆట కొలవాలి. క్రౌన్ మీద అంకె చెక్కి ఉంటే అదే ప్రమాణం. లేకపోతే ఈ తరహా ఇరుసుల్లో సాధారణంగా 0.005 నుంచి 0.007 అంగుళం, అంటే 0.13–0.18 మి.మీ. తర్వాత క్రౌన్ వీపు మీద గేజ్ పెట్టి ఊగుడు చూడాలి. 0.002 అంగుళం దాటకూడదు. ఆపై పది పళ్లకు మార్కింగ్ రంగు పూసి, క్రౌన్‌ను కాస్త పట్టి ఉంచుతూ రెండు వైపులా తిప్పి, పడిన అచ్చును ఫొటో తీయాలి. పినియన్ తల మీదా క్రౌన్ మీదా ఉన్న జత నంబర్లను కూడా దగ్గరగా తీయండి.

అచ్చు పంటి మధ్యలో కాకుండా కొస వైపు పడితే పినియన్ క్రౌన్‌కు దూరంగా ఉంది. వేరు వైపు పడితే మరీ లోపలికి పోయింది. రెండూ పినియన్ తల వెనక వేసే షిమ్ము ఎంపికలో తప్పులే కాబట్టి మెకానిక్ పని లోపం. పాత సెట్టుకు వేసిన షిమ్మునే కొలవకుండా కొత్త పినియన్‌కూ వేయడం షెడ్లలో తరచూ జరిగే పొరపాటు. ఇలాంటి సెట్టు మీద బ్యాక్‌లాష్ ఒక్కటే సరిచేసి ఇస్తే, అంకె సరిగ్గానే ఉంటుంది, కూత మాత్రం పోదు. అందుకే ‘గ్యాప్ కరెక్టుగా ఉంది సార్’ అన్న మాటతో తృప్తిపడకండి.

జత నంబర్లు కలవకపోతే కథ వేరు. క్రౌన్, పినియన్ ఫ్యాక్టరీలో ఒకదానితో ఒకటి అరగదీసిన జత. వేరువేరు జతల ముక్కలు కలిపి అమ్మితే దుకాణం సరుకు లోపభూయిష్టం. చూసుకోకుండా బిగించిన మెకానిక్‌కూ అందులో వాటా ఉంటుంది. ఊగుడు ఎక్కువ ఉంటే మాత్రం తొందరపడి దుకాణాన్ని అనకండి. కొలతలన్నీ నమోదయ్యాక, క్రౌన్ బోల్టులు విప్పి అర చుట్టు తిప్పి మళ్లీ బిగించి కొలవాలి. ఎత్తు చోటు క్రౌన్‌తోపాటు జరిగితే క్రౌన్ వంకర, అంటే దుకాణం తప్పు. అక్కడే ఉండిపోతే దాన్ని బిగించిన ఫ్లాంజ్ తప్పు. అంటే బిగించేముందు మెకానిక్ చూసి మీకు చెప్పవలసిన సంగతి.

ఇక చట్టం. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 కింద సరుకులో దోషం సెక్షన్ 2(10), సేవలో లోపం సెక్షన్ 2(11). తప్పు ఎవరిదో తేలకముందే మీరు ఒకరినే ఎంచుకోనక్కర్లేదు. ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒక్కరినే చేర్చితే ‘తప్పు అవతలివారిది’ అని తప్పించుకుంటారు. ‘వాపసు లేదు’ అన్న అచ్చుకు భయపడకండి. దోషమున్న సరుకును బిల్లులో చెప్పిన గడువులో, గడువు లేకపోతే 30 రోజుల్లో వెనక్కి తీసుకోకపోవడం సెక్షన్ 2(47) ప్రకారం అనుచిత వ్యాపార పద్ధతి. అందుకే సరుకు వెనక్కి తీసుకోమన్న మాట నోటీసులో స్పష్టంగా ఉండాలి. ఏ బండికో చెప్పి, వారి మాట నమ్మి కొన్నారు కనుక సరుకుల విక్రయ చట్టం, 1930 సెక్షన్ 16 కూడా మీ వైపే. వారు ‘సెకండ్ హ్యాండ్’ అని రాసి ఇచ్చి ఉంటే మాత్రం ఈ వాదన బలం తగ్గుతుంది. బిల్లు మరోసారి చదవండి.

దుకాణం చెన్నైలో, షెడ్డు ఒంగోలులో ఉన్నా మీరు నివసించేది కావలి కాబట్టి వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 34(2) కింద నెల్లూరు జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయవచ్చు. చెల్లించిన మొత్తం రూ.5 లక్షల లోపు కనుక ఫీజు లేదు, న్యాయవాది తప్పనిసరి కాదు. లోపం బయటపడిన నాటి నుంచి రెండేళ్ల గడువు. బిల్లులు, యూపీఐ రసీదులు, వాట్సాప్ సందేశాలు, కొలతలు తీసిన మెకానిక్ అఫిడవిట్ జతచేయండి. ఫోన్ రికార్డింగులకు భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ధ్రువపత్రం పెడితే అభ్యంతరాలకు చోటుండదు.

మెకానిక్ పరీక్షకు ఒప్పుకోకపోతే ఫిర్యాదుతోపాటే వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38(8) కింద మధ్యంతర దరఖాస్తు వేసి, ఇరుసును విప్పరాదన్న ఉత్తర్వు, పరీక్షకు నిపుణుడి నియామకం కోరండి. సరుకు దోషం పరీక్షకు సెక్షన్ 38(2) కింద ప్రయోగశాలకు పంపే ఏర్పాటు ఉంది, ఆ ఖర్చు ముందు మీరే కట్టాలి. ఇక్కడొక జాగ్రత్త: సెట్టును విప్పి ప్రయోగశాలకు పంపేస్తే లోహం సంగతి తెలుస్తుంది గానీ అమరిక సంగతి పోతుంది. బిగించి ఉన్న స్థితిలో కొలతలు నమోదైన తర్వాతే పంపాలని దరఖాస్తులో విడిగా అడగండి.

బండి ఆపుకోవడం గురించి. కాంట్రాక్టు చట్టం, 1872 సెక్షన్ 170 ప్రకారం, అప్పగించిన పని చేసిన వ్యక్తి తన కూలి అందేదాకా వస్తువును ఆపుకోవచ్చు. మీరు రూ.11,000 పూర్తిగా ఇచ్చేశారు. మీరు ఒప్పుకోని, ఇంకా చేయని పనికి రూ.5,000 అడిగి బండిని ఆపే హక్కు ఈ సెక్షన్ ఇవ్వదు. అయినా ఆ బండి మీకు వెంటనే కావాల్సివస్తే, నిరసన తెలుపుతూ ఇస్తున్నానని రాసి, విప్పకుండానే ఇవ్వాలన్న షరతుతో డబ్బు కట్టి బండిని లారీ మీద తెచ్చుకోండి. తర్వాత ఆ మొత్తాన్నీ ఫిర్యాదులో కలపవచ్చు. నడుపుకుంటూ మాత్రం రావద్దు, పళ్లు ఇంకా అరిగితే ఆ నష్టం మీ నెత్తిన వేస్తారు.

పోలీసు కేసు వద్దు. భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కింద మోసం నిలవాలంటే మొదటినుంచీ మోసగించే ఉద్దేశం ఉండాలి. సరిగా కుదరని పని ఆ కిందికి రాదు.

పరిహారం అడిగేటప్పుడు రూ.35,000, రవాణా, పరీక్ష ఖర్చులు లెక్కతో చూపి, మానసిక వేదనకు సహేతుకమైన మొత్తం అడగండి. లక్షలు రాస్తే కమిషన్ ముందు మీ లెక్క మీద నమ్మకం తగ్గుతుంది.

ఒకవేళ రాజీకి వచ్చి ‘వేరే బండి ఇరుసు వేసేస్తా’ అంటే ఒప్పుకోకండి. మీ బండికి యాభై ఏళ్లు దాటాయి. 2021లో వచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనల కింద నమోదు చేయించుకోవాలంటే బండి మూల రూపంలో ఉండాలి. అదే నమూనా క్రౌన్-పినియన్‌ను కొత్తగా, జత నంబర్లతో, బ్యాక్‌లాష్ కొలత రాసిన కాగితంతో బిగించి ఇస్తానన్న షరతు మీదే రాజీపత్రం మీద సంతకం పెట్టండి.