అక్కకు లెట్రోజోల్, నాకు టామాక్సిఫెన్ ఎందుకు?

ప్రశ్న: నాకు 44 ఏళ్లు. ఈఆర్ పాజిటివ్ (ఈస్ట్రోజన్ హార్మోన్‌తో పెరిగే) రొమ్ము క్యాన్సర్. కీమోతో నెలసరి ఆగి 5 నెలలైంది. ఇదే జబ్బుకు 61 ఏళ్ల మా అక్కకు లెట్రోజోల్ ఇచ్చారు, నాకు టామాక్సిఫెన్. ఎందుకీ తేడా?
– ఒక పాఠకురాలు, గాజువాక, విశాఖపట్నం

జవాబు: ముట్లుడిగాక ఈస్ట్రోజన్ ఎక్కువగా కొవ్వులో, అరోమటేజ్ ఎంజైమ్ వల్ల తయారవుతుంది. లెట్రోజోల్ ఆ ఎంజైమ్‌ను ఆపుతుంది. మీ నెలసరి ఆగింది గానీ, ముట్లుడిగినట్టు కాదమ్మా. ఈ వయసులో అండాశయాలు నెలల తర్వాత కూడా మళ్లీ మేలుకోవచ్చు. అప్పుడు లెట్రోజోల్ ఒక్కటే వాడితే, ఈస్ట్రోజన్ తగ్గిందని మెదడు వాటిని మరింత ఉసిగొల్పుతుంది. ఈస్ట్రోజన్ పెరుగుతుంది, గర్భమూ రావచ్చు. టామాక్సిఫెన్ క్యాన్సర్ కణంలో ఈస్ట్రోజన్ అతుక్కునే రిసెప్టర్‌నే అడ్డుకుంటుంది కాబట్టి ముట్లుడగకముందూ పనిచేస్తుంది. జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువుంటే, 28 రోజులకోసారి 3.6 మిల్లీగ్రాముల గోసెరెలిన్ ఇంజెక్షన్‌తో అండాశయాలను ఆపి, లెట్రోజోల్ రకం మాత్ర జోడిస్తారు. అక్క మాత్రలు మాత్రం వేసుకోకండి. హార్మోన్లు లేని గర్భనిరోధకం వాడండి.