ఇతరులు తీసిన ఫోటోపై ఉపయోగపడే అభిప్రాయం ఎలా చెప్పాలి?

"బాగుంది" అంటే తీసినవారికి ఒరిగేదేమీ లేదు. "బాగాలేదు" అన్నా అంతే. ముందుగా మీ చూపు ఫోటోలో ఎక్కడ పడిందో, తర్వాత ఎటు జారిందో చెప్పండి. తీసినవారు తమంతట తాము చూడలేనిది అదే. ఆ దృశ్యం ఎదుట నిలబడిన జ్ఞాపకం వారికి అడ్డుపడుతుంది.

లోపం చెప్పేటప్పుడు కారణం కూడా పట్టుకోవాలి. పరుగెత్తే పిల్లవాడి ఫోటో మసకగా ఉందనుకుందాం. పిల్లవాడు మాత్రమే కదిలిన దిశలో చారలా సాగితే షట్టర్ వేగం (కెమెరా కాంతిని ఎంతసేపు లోనికి రానిస్తుందో ఆ లెక్క) చాలలేదు. సెకనులో 60వ వంతుకు బదులు 500వ వంతు ప్రయత్నించమనవచ్చు. వెనక గోడ పదునుగా ఉండి, పిల్లవాడు చారలేమీ లేకుండా మెత్తగా మసకబారితే ఫోకస్ తప్పింది. ఫ్రేము మొత్తం ఒకే దిక్కుకు సాగితే చేయి కదిలింది. ఈ మూడింటినీ కలిపి "క్లారిటీ లేదు" అనేస్తే వారు వెళ్లి కొత్త లెన్సు కొంటారు!

ఫ్రేమును నిలువుగా, అడ్డంగా మూడేసి భాగాలు చేసి ముఖ్యమైనదాన్ని ఆ గీతలపై ఉంచాలనే మూడో వంతు సూత్రాన్ని శిక్షాస్మృతిలా వల్లించేవారంటే నాకు విసుగు. ముఖం చీకటిగా ఉంటే, నీడబొమ్మ కావాలనే తీశారేమో ముందు అడగండి. వారి ఫోటోను మీరే కత్తిరించి చూపించాలనుకుంటే మాత్రం అనుమతి తీసుకోండి.