పారబోసే ముందు ఒక్కసారి

అల్లుడూ,

నువ్వు ఇంట్లో కాస్తున్న బీరు డబ్బా ఫొటో చూశాను. గోధుమరంగు నురగ, గోడలకు పట్టిన మురికి, పైన తేలే ముద్దలు. "పాడైపోయినట్టేనా, పారబొయ్యనా మామయ్యా?" అన్నావు. ఆగు. మూత పెట్టెయ్. నాకు కనిపించినంత వరకు అది మామూలుగా పులుస్తున్న బీరే.

పులిసేటప్పుడు బీరు చూడ్డానికి బాగుండదు. ఈస్ట్ వేసిన ఒకటి రెండు రోజుల్లో దట్టమైన నురగ కడుతుంది. అందులో ఈస్టూ, ప్రొటీన్లూ, చేదు కోసం వేసే హాప్స్ పూలలోని చేదు జిగురూ కలిసి ఉంటాయి. గోధుమరంగు మచ్చలు దానివే. నురగ దిగిపోయాక అదే డబ్బా గోడకు చారలా ఎండిపోతుంది. పైన తేలే మీగడరంగు తెట్టెలు చాలావరకు ఈస్ట్ ముద్దలు, ఆకుపచ్చ నలుసులు హాప్స్ పిప్పి, అడుగున పేరుకున్నది మడ్డి. వీటిలో ఏదీ చెడిపోయిన గుర్తు కాదు. కొత్తగా కాచేవాళ్లు మంచి బీరును పారబోసేది ఎక్కువగా ఈ దశలోనే.

కంటితో చూసి వెంటనే తీర్పు చెప్పగలిగింది ఒక్క బూజు విషయంలోనే. అది పొడిగా, నూగుగా, గుండ్రటి మచ్చలుగా, తెల్లగానో పచ్చగానో నల్లగానో ఉపరితలం మీద ఉంటుంది. ఈస్ట్ ముద్ద తడిగా మెరుస్తుంది, బూజుకు నూగు ఉంటుంది. కొందరు దాన్ని పైనుంచి తీసేసి కింది బీరు తాగుతారు. నేనైతే తాగను, నిన్నూ తాగనివ్వను. కొన్ని బూజులు విషాలు తయారుచేస్తాయి, అవి పైపొరలోనే ఆగాలని లేదు. అలాంటిది కనిపిస్తే మాత్రం మారుమాట లేకుండా పారబొయ్.

ఇంకొకటుంది, కాస్త తికమక పెట్టేది. నురగ ఎప్పుడో దిగిపోయాక, ఒకటి రెండు వారాల తర్వాత, పైన పలచటి తెల్లపొర కడితే జాగ్రత్తగా చూడు. పాల మీద మీగడలా ముడతలు పడి, కింద పెద్ద బుడగలు చిక్కుకుని ఉంటే అది బయటి ఈస్టో బ్యాక్టీరియానో చేరిన గుర్తు. సాధారణంగా లోపలికి గాలి తగిలినప్పుడే అది పొర కడుతుంది. బీరు పుల్లబడొచ్చు. అలాంటి పుల్లటి బీర్లను కావాలనే చేసేవాళ్లూ ఉన్నారు కాబట్టి పొర ఉన్నంత మాత్రాన పనికిరాదని కాదు. కానీ నువ్వు చేయాలనుకున్న బీరు మాత్రం అది కాదు.

కన్ను కన్నా ముక్కు నయం, అయితే దానికీ కొంచెం చదువు కావాలి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే హడలిపోకు. ముఖ్యంగా చల్లటి చోట పులిసే లాగర్ బీరు ఈస్ట్ గంధకం వాసన వదులుతుంది, కొన్ని రోజుల్లో పోతుంది. పచ్చి యాపిల్ వాసనంటే బీరు ఇంకా లేతగా ఉందని. వెన్న వాసన కూడా చాలాసార్లు ఈస్ట్ తనే సర్దేస్తుంది, ఇంకొన్నాళ్లు ఉంచు. లవంగం వాసన గోధుమ బీరు ఈస్ట్‌కైతే సహజం, మామూలు ఏల్‌లో (గది వేడికి పులిసే బీరులో) వస్తే అనుమానించాలి. ఘాటైన వెనిగర్ వాసన, వాంతి వాసన, నూనెలా తీగలు సాగే జిగట మాత్రం చెడిన లక్షణాలే. జిగట ఒక్కటే ఉంటే కొన్నిసార్లు నెలలకు విరుగుతుంది గానీ అంత ఓపిక నీకు లేదని నాకు తెలుసు.

మూడు రోజులైనా పులియడం మొదలవలేదనుకో, పైగా వోర్ట్, అంటే ఇంకా పులియని తియ్యటి మాల్ట్ కషాయం, దుర్వాసన కొడుతోందనుకో, రుచి చూడకు, పారబొయ్. పులిసిన బీరును ఆల్కహాలూ, హాప్సూ, 4.5 దగ్గరుండే పీహెచ్, అంటే దాని పులుపు, కలిసి కాపాడతాయి. అందుకే అందులో మనిషికి జబ్బు చేసే క్రిములు సాధారణంగా బతకవు. పులియని తియ్యటి వోర్ట్‌కు ఆ రక్షణ ఉండదు.

అసలు మాట హైడ్రోమీటర్‌ది, అంటే నీళ్లతో పోలిస్తే ద్రవం సాంద్రత ఎంతో చూపే పరికరానిది. చక్కెర పులిసేకొద్దీ ఆ అంకె దిగుతుంది. మూతకున్న ఎయిర్‌లాక్‌లో (గ్యాస్‌ను వదిలి బయటి గాలిని రానివ్వని గొట్టంలో) వచ్చే బుడగల్ని నమ్మకు. మూత సరిగా బిగియకపోతే గ్యాస్ పక్కనుంచి పోతుంది, వేడి పెరిగితే పులియడం ఆగిపోయాక కూడా బుడగలొస్తాయి. శానిటైజ్ చేసిన గరిటెతోనో పిపెట్‌తోనో కొంచెం తీసి కొలువు. కొలిచింది తిరిగి డబ్బాలో పొయ్యకు, వాసన చూసి ఒక గుక్క తాగి చూడు. 1.050 దగ్గర మొదలైన ఏల్ మామూలుగా 1.010, 1.014 మధ్యలో ఆగుతుంది. రెండు మూడు రోజుల తేడాతో తీసిన రీడింగులు ఒకేలా ఉంటే పులియడం అయిపోయినట్టు లెక్క. వారాలు గడిచినా నెమ్మదిగా దిగుతూ 1.005 కిందికి పోతుంటే, నువ్వు వెయ్యని జీవి ఏదో లోపల పనిచేస్తుండొచ్చు.

అలా దిగుతున్నదాన్ని మాత్రం సీసాల్లో పట్టకు. బిరడా బిగించాక కూడా పులుస్తూనే ఉంటే ఒత్తిడి పెరిగి గాజు పగులుతుంది, కళ్లు పోగలవు. నా భయమంతా పుల్లటి బీరు గురించి కాదు, ఈ సీసాల గురించే.

ఈలోగా టెన్షన్‌తో మాటిమాటికీ మూత తియ్యకు. తీసినప్పుడల్లా గాలీ దుమ్మూ నువ్వే లోపలికి పంపిస్తున్నావు. పద్నాలుగో రోజున ఒక రీడింగు, మూడు రోజులాగి ఇంకొకటి తీసి, అంకెలు రెండూ నాకు పంపు. వాటితోపాటు వాసన ఎలా ఉందో కూడా రాయి, ఫొటో అక్కర్లేదు.

నీ మామయ్య