లేని సంఖ్యతో భాగించడం: కుమ్మర్ ‘ఐడియల్’ కారణాంకాలు నాకు ఎలా అర్థమయ్యాయంటే

లేని ప్రధాన కారణాంకాన్ని ఉందనుకుని 19వ శతాబ్దపు జర్మన్ గణితవేత్త కుమ్మర్ లెక్కలు ఎలా చేశాడని అడిగారు. నేనూ చాలా ఏళ్లు ఇక్కడే ఆగిపోయాను. ఎమ్మెస్సీలో ఐడియల్ (ఒక ప్రత్యేక రకం సంఖ్యల సమితి) నిర్వచనంలోని రెండు షరతులూ బట్టీ పట్టి పరీక్ష రాశాను. ఆ షరతులు ఎక్కడి నుంచి వచ్చాయో మాత్రం తెలియలేదు.

తెలిసింది మా అన్నయ్య కూతురికి ఆరో తరగతి భాజనీయతా సూత్రాలు చెబుతున్నప్పుడు. అంకెలు కూడితే వచ్చేది 3తో పోతే, అసలు సంఖ్య కూడా 3తో పోతుంది. "భాగించకుండానే ఎలా తెలుస్తుంది బాబాయ్?" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. భాగించకుండానే తెలిసేటప్పుడు, భాగించే సంఖ్య చేతిలో లేకపోయినా పరీక్ష మాత్రం ఉండొచ్చు కదా! కుమ్మర్ చేసింది సరిగ్గా అదే.

√−5 తో చూద్దాం. క, గ పూర్ణసంఖ్యలుగా, క + గ√−5 రూపంలో ఉన్న సంఖ్యలు తీసుకోండి. ఇక్కడ 6 = 2 × 3, అలాగే 6 = (1+√−5)(1−√−5). ఈ నాలుగింటిలో దేన్నీ ఇంకా విడగొట్టలేం. మామూలు సంఖ్యల్లో ప్రధాన కారణాంకాల లబ్ధం ఒక్క తీరుగానే వస్తుంది, ఇక్కడ రెండు తీరులుగా వచ్చింది. అంటే ఈ నాలుగూ అసలైన ప్రధానాలు కావు, వీటి లోపల ఇంకేదో ఉంది.

ఆ లోపలివాటికి పేర్లు పెడదాం: 2 = ప × ప, 3 = చ × ట, 1+√−5 = ప × చ, 1−√−5 = ప × ట. ప, చ, ట అనే సంఖ్యలు ఈ లోకంలో లేవు. కానీ వాటికి పరీక్షలున్నాయి. క+గ సరిసంఖ్య అయితే ప తో పోతుంది. క−గ 3తో పోతే చ తో పోతుంది. క+గ 3తో పోతే ట తో పోతుంది. 1+√−5 తీసుకోండి: 1−1 = 0, చ తో పోతుంది. 1+1 = 2, ట తో పోదు.

ఇది ఉత్త పేరు పెట్టడం కాదనడానికి రుజువు గుణకారంలో ఉంది. (క+గ√−5)ని (త+ద√−5)తో గుణిస్తే (కత−5గద) + (కద+గత)√−5 వస్తుంది. చ పరీక్ష కోసం మొదటి భాగం లోంచి రెండోది తీసేయండి. మిగిలేది (క−గ)(త−ద) − 6గద. ఆ 6గద ఎలాగూ 3తో పోతుంది. కాబట్టి లబ్ధం చ తో పోవాలంటే ఆ రెండింటిలో ఒకటైనా చ తో పోవాలి. ప్రధాన సంఖ్యకు ఉండాల్సిన గుణం ఇదే. కాగితం మీద ఆ 6గద పక్కకు రాలిపోవడం చూసిన క్షణం నాకు ఇప్పటికీ గుర్తుంది. దయచేసి మీరూ చేత్తో చేసి చూడండి.

2లో ప రెండుసార్లు ఉందని తేల్చడానికి ఇంకో ఉపాయం కావాలి, అదీ కుమ్మర్ ఇచ్చాడు.

నిజానికి ఆయన చూసింది √−5 కాదు, 1 యొక్క వర్గమూలం, ఘనమూలం లాంటి మూలాలతో కట్టిన సంఖ్యలు. 23వ మూలాల దగ్గర 47 అడ్డుపడింది. అది 22 ప్రధాన కారణాంకాలుగా విడిపోవాలి, కానీ ఆ వ్యవస్థలో అలాంటి సంఖ్యే లేదు. ఈ చిక్కును ఆయన 1844లోనే ప్రచురించాడు. 1847 మార్చి 1న పారిస్ అకాడమీలో ఫ్రెంచ్ గణితవేత్త లామే, ఫెర్మా చివరి సిద్ధాంతాన్ని (n 2 కంటే పెద్దదైతే xⁿ + yⁿ = zⁿ అయ్యే ధన పూర్ణసంఖ్యలు లేవన్నది) నిరూపించానన్నప్పుడు, ఏకైక విభజనను, అంటే ప్రధాన కారణాంకాలు ఒక్క తీరుగానే వస్తాయన్న నియమాన్ని, ఊరికే ఒప్పుకోలేమని మరో గణితవేత్త లియువిల్ అభ్యంతరం చెప్పాడు. కొద్ది వారాలకు బ్రెస్లావ్ (నేటి పోలండ్‌లోని వ్రోత్స్వావ్) నుంచి కుమ్మర్ ఉత్తరం వచ్చింది: ఆ నియమం నిలవదు, కానీ కొత్త రకం సంఖ్యలతో దాన్ని కాపాడవచ్చు అని.

ఇక పేరు సంగతి. ‘ఐడియల్’కు ‘ఆదర్శం’ అనే తర్జుమా మనల్ని పక్కదారి పట్టిస్తుంది. జర్మన్‌లో ఆయన ‘వాస్తవ’ సంఖ్యలకు ఎదురుగా ఈ మాట వాడాడు, అంటే భావనలో ఉన్నవి అని. కెమిస్ట్రీతో పోలుస్తూ ఫ్లోరిన్ ఉదాహరణ ఇచ్చాడు. అప్పటికి ఫ్లోరిన్‌ను ఎవరూ విడిగా తీయలేదు, సమ్మేళనాల్లోనే దాని ఉనికి తెలిసేది. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త మోయిసాన్ దాన్ని వేరుచేసింది 1886లో.

1871లో మరో జర్మన్ గణితవేత్త డెడెకిండ్ ఇంకో అడుగు వేశాడు. పరీక్ష నెగ్గిన సంఖ్యలన్నిటినీ ఒక సమితిగా తీసుకుని, ఆ సమితినే ఐడియల్ అన్నాడు. నెగ్గిన రెండింటిని కూడినా నెగ్గుతుంది, నెగ్గినదాన్ని దేనితో గుణించినా నెగ్గుతుంది. నేను బట్టీ పట్టిన రెండు షరతులు ఇవే!

ఇప్పుడు 21 మీరు చేయండి: 3 × 7, (4+√−5)(4−√−5), (1+2√−5)(1−2√−5). 7 కోసం రెండు పరీక్షలు: క+3గ, క−3గ 7తో పోతాయా అని. ఈ మూడు తీరులూ లోపల అవే నాలుగు ముక్కలుగా తేలతాయి.